నత్తనవ్వుకు సాక్షులు కావలెను

అత్తకు,

నమస్కారాలు. ఇక్కడ నేనూ, నా గదీ, గది పైకప్పు నుంచి కారే నీళ్లూ అందరం కులాసా.

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను. కూర్చోబుద్ధి కావడం లేదు. నిఘంటువు ఆఫీసులో చేరినప్పటి నుంచీ నా ఉద్యోగం ఏమిటో నీకు తెలుసు. ఇతరులు రాసిన పేజీల్లో కామాలు ఉండాల్సిన చోట ఉన్నాయా, లేని చోటికి పారిపోయాయా అని చూడడం. ఇవాళ మా ప్రధాన సంపాదకురాలు, అంటే మేమంతా చాటుగా పెద్దావిడ అనుకునే ఆవిడ, నా బల్ల మీద ఒక ఖాళీ కాగితం పెట్టి, "ఈ పేజీ నీది" అంది. అత్తా, నాది! నేను రాసిన దాంట్లో వేరేవాళ్లు కామాలు చూస్తారు!

నాకిచ్చిన మాట ‘జిగట’. దాని చుట్టపక్కాలు కూడా నావే. జిగురు, బంక, పాకుడు, సొంగ, చీమిడి, ఏ అక్షరం కింద కాపురం ఉన్నా సరే, వాటి అర్థాలూ పుట్టుకలూ నేనే రాయాలి. పేజీ నెగ్గితే సహాయ సంపాదకుణ్ణి అవుతాను, కిటికీ పక్క బల్ల ఇస్తారు. నెగ్గకపోతే మళ్లీ కామాల గదికే. ఆ గదికి కిటికీ లేదు, అందులో ఒకసారి వెనక్కి వెళ్లినవాణ్ణి మళ్లీ ఎవరూ పిలవరు.

నీ చేతులు రోజంతా జిగటలోనే ఉంటాయి కాబట్టి ముందు నిన్నే అడుగుతున్నాను. నా చిత్తుప్రతి ఇదీ:

జిగట: చేతికి అంటుకొని వదలని తడి. అసహ్యం కలిగించే సాగుడు పదార్థం. మనుషుల విషయంలో, పట్టుకుంటే వదలని పీడ.

ఎలా ఉంది? ఏమైనా తగ్గిందా?

నీ మేనల్లుడు

మ.మ. (అంటే మరిచిపోయిన మాట) ఈ సంగతి ప్రస్తుతానికి వీధిలో ఎవరికీ చెప్పకు.

ఇంకో మ.మ. ముఖ్యంగా క్షౌరశాలాయనకు.

*

చిరంజీవి మేనల్లుడికి,

అత్త దీవెనలు. నువ్వు నిలబడి రాశావు, నేను గంతులేస్తూ చదివాను. షెడ్డులో నత్తలు కూడా కొమ్ములు బయటపెట్టి చూశాయి.

ఎవరికీ చెప్పొద్దన్నావు కాబట్టి చెప్పలేదు. గట్టిగా చదివాను, అంతే. కిటికీలు తెరిచి ఉండడం నా తప్పా? సాయంత్రానికల్లా దర్జీ వచ్చి, "మన భాషంతా ఇప్పుడు మీవాడి చేతిలోనే ఉందట కదమ్మా" అన్నాడు. కాదంటే నీకు చిన్నతనం అని ఊరుకున్నాను. చెప్పొద్దూ, ఆ పూట నా కాళ్లు నేల మీద లేవు.

ఇక నీ అర్థాలు. వాటిని చదివాక ఒళ్లు మండిపోయింది. అసహ్యమట! పీడట! పొద్దున లేవగానే తడి గోనెలు తీసి, క్యాబేజీ ఆకులు మార్చి, నత్తల్ని ఒక్కొక్కదాన్నీ గాజుపలక మీదికి దింపి, అవి తీరుబడిగా నడిచిపోయాక మిగిలినదాన్ని మెత్తటి చెక్కతో తీసి, వడగట్టి, జాడీల్లో పోసి క్రీముల కంపెనీకి పంపిస్తున్నాను. ఊళ్లో నున్నటి బుగ్గలన్నిటి మీదా ఉన్నది ఏమిటనుకున్నావు? మీ మామయ్య పోయాక ఈ ఇల్లు నిలబెట్టింది జిగట. సెలవులకొచ్చినప్పుడల్లా నువ్వు చింపుకున్న బూట్లకు బదులు కొత్తవి కొనిపెట్టింది జిగట. దానికి మూడు తిట్లు రాసి, ఏమైనా తగ్గిందా అని అడుగుతావా? తగ్గింది నాయనా. కృతజ్ఞత తగ్గింది.

అసలు మాట ఎలా మరిచిపోయావురా? నత్త గోడ మీద నడిచి వెళ్లాక పొద్దుటి ఎండలో తళతళలాడే ఆ చారను ఈ వీధిలో ఏమంటాం? నత్తనవ్వు అనం? నిన్ను చంకనేసుకుని షెడ్డు చుట్టూ తిప్పుతూ "అదిగో నత్తనవ్వు, ఇదిగో నత్తనవ్వు" అని అన్నం పెట్టానే! అది పుస్తకంలో వేస్తావా, లేక నేనే వచ్చి మీ పెద్దావిడతో మాట్లాడనా?

మీ అత్త

మ.మ. క్షౌరశాలాయనకు చెప్పలేదు. వాళ్లావిడకి చెప్పాను.

*

అత్తకు,

నమస్కారాలు. నువ్వు రావద్దు. దండం పెడతాను.

కానీ నీ ఉత్తరం చదివి నెత్తి కొట్టుకున్నాను, మన షెడ్డు గుమ్మం పైదూలానికి ప్రతిసారీ కొట్టుకున్నట్టు. చిన్నప్పటి నుంచీ వింటున్న మాట, నాకు అసలు మాటలాగే కనిపించలేదు! ఆఫీసులో ఉన్న పాత నిఘంటువులన్నీ వెతికాను. ఎక్కడా లేదు. అంటే ఒక మంచి మాటను మొదటిసారి పుస్తకానికి ఎక్కించే అదృష్టం నాకు దక్కిందన్నమాట. చాతీ రెండు అంగుళాలు పెరిగింది. చొక్కా గుండీకి కూడా తెలిసింది.

ఉత్సాహంగా చీటీ రాసి పట్టుకెళ్లాను. పెద్దావిడ చదివింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మళ్లీ చదివింది. "ఇది పక్కన పెట్టు" అంది. అంతే! ఎందుకండీ అంటే రెండు నిబంధనలు గుర్తుచేసింది. ఒకటి, కొత్త మాట ఏదైనా ముగ్గురు వేర్వేరు మనుషుల చేతి మీదుగా అచ్చులో వచ్చి ఉండాలి. రెండు, ఈ ఆఫీసులో జీతం తీసుకుంటున్న వాళ్లు పుట్టించిన మాట ఎంత ముచ్చటగా ఉన్నా పుస్తకంలోకి రాకూడదు. లేకపోతే మాలో ప్రతివాడూ తలో మాట అల్లి దూర్చేస్తాడని. రెండోదాంతో మనకు పేచీ లేదు. నేను ఆ మాట విన్నానే గాని పుట్టించలేదు. మరి ఎవరు పుట్టించారు? పుట్టుక రాయందే పేజీ పూర్తి కాదు, నీకు తెలిస్తే రాయి.

ఒక తమాషా చెప్పనా? మా వరసలో ‘జిగట’ పక్కనే ‘జిగి’ ఉంది. జిగి అంటే కాంతి, మెరుపు. ఆ పక్కనే ‘జిగేలు’. అంటుకునేవీ మెరిసేవీ ఒకే అరుగు మీద కూర్చున్నాయి. ఇవి ఒక తల్లి పిల్లలేమో అని రాశాను. పెద్దావిడ పక్కన ఎర్ర సిరాతో, "పోలిక ఉంది, ఆధారం లేదు" అని రాసింది. ఆవిడకు నత్తలంటే పడదనుకుంటాను. ఆ చీటీని వేలికొసలతో పట్టుకుంది.

నీ మేనల్లుడు

మ.మ. కామాల గదిలో నా పాత కుర్చీ ఇంకా తీయలేదు. నేను అటు వెళ్లినప్పుడల్లా అది నన్నే చూస్తోంది.

*

చిరంజీవి మేనల్లుడికి,

అత్త దీవెనలు. కుర్చీని చూడకు. కిటికీ వైపు చూడు.

ఆధారాలు లేవంటుందా ఆవిడ? ఆధారాలతో ఆఫీసు నింపేస్తాను. నీ ఉత్తరం అందిన పూటే వీధివాళ్లందర్నీ మన షెడ్డులో సమావేశపరిచాను. సగంమంది దూలానికి నెత్తి కొట్టుకున్నారు, సభ గంభీరంగా మొదలైంది. "మన మాట పుస్తకానికి ఎక్కాలా వద్దా?" అన్నాను. ఎక్కాలన్నారు. బోర్డులు రాసే ఆయన అప్పటికప్పుడు కుంచె తీశాడు. ఇప్పుడు మన వీధిలో ‘నత్తనవ్వు క్షౌరశాల’ ఉంది. ‘నత్తనవ్వు దర్జీ, అంచులు మా ప్రత్యేకత’ ఉంది. సైకిళ్లు బాగుచేసే ఆయన మాత్రం ‘నత్తనవ్వు సైకిల్ షాపు’ అని పెట్టుకుంటే బేరాలు పోతాయేమో, వేగం మీద అనుమానం వస్తుందేమో అని నసిగాడు. నేనొక చూపు చూశాను. పెట్టుకున్నాడు.

బోర్డులు అచ్చు కిందికి రావని నువ్వు సణుగుతావని తెలిసి, ముగ్గురి చేతా కరపత్రాలు వేయించాను. మూడూ ఈ కవరులో పెట్టాను. ముగ్గురు వేర్వేరు మనుషులు, మూడు వేర్వేరు రంగు కాగితాలు. ఇంకేం కావాలి?

పుట్టుక సంగతి. అది మీ మామయ్య మాట. క్రీముల కంపెనీ వాళ్లకు జాడీలు అప్పగించేటప్పుడు కూడా "జాగ్రత్తండీ, నత్తనవ్వు" అనేవాడు. వాళ్లు రసీదులో ‘ద్రవం’ అని రాసుకుంటే వెనక్కి ఇచ్చి మళ్లీ రాయించేవాడు. అలాంటి మనిషి మాట పుస్తకంలో ఉండాలా వద్దా? చెప్పొద్దూ, ఇది రాస్తూ మధ్యలో లేచి ఆయన పటం తుడిచి వచ్చాను.

మీ అత్త

మ.మ. ఎదురుగా అద్దాల కొట్టావిడ ఒక్కతే చేరలేదు. మన నత్తలు దారి తప్పి ఆవిడ అద్దాలెక్కుతాయని కోపం. "ఆ మాట ఈ జన్మలో నా నోట రాదు" అని ఒట్టేసుకుంది. రాకపోతే పోనీ, భాషకేం నష్టం.

*

అత్తకు,

నమస్కారాలు. గాలి తీసేసింది.

మూడు కరపత్రాలూ బల్ల మీద పరిచి గర్వంగా నిలబడ్డాను. పెద్దావిడ మూడూ చదివింది. తర్వాత పెన్సిల్‌తో మూడింట్లోనూ ఒక్కో మాట చుట్టూ సున్నా చుట్టింది. క్షౌరశాల కాగితంలో, "చెప్పొద్దూ, మా గడ్డం పని నత్తనవ్వంత నునుపు." దర్జీ కాగితంలో, "చెప్పొద్దూ, మా అంచు చూస్తే నత్తనవ్వు గుర్తొస్తుంది." సైకిళ్ల ఆయన కాగితంలో, "చెప్పొద్దూ, మా చక్రం నత్తనవ్వులా సాగుతుంది." అప్పుడు తలెత్తి నాతో, "ఈ మూడు చేతులూ ఒకే భుజానివి" అంది.

అత్తా, ఇది మాటల మనుషుల ఆఫీసు! ఇక్కడ నీ ఊతపదం ‘చెప్పొద్దూ’ను వదిలిపెట్టడం అంటే దొంగ వేలిముద్ర వేసి వెళ్లడమే. గదిలో అందరూ నా వైపు చూశారు. నేను కొత్త మాటకు దొంగ సాక్షులను తయారుచేశానని అనుకుంటున్నారు. పేజీ సంగతి అలా ఉంచు, కామాల గది కూడా దక్కేటట్టు లేదు.

ఇంకో కబురు. అచ్చులో దొరకని మాటకు ఒకే ఒక్క దారి ఉందట. ప్రధాన సంపాదకురాలు స్వయంగా ఆ చోటికి వెళ్లి, ఎవరూ నేర్పకుండా, ఎవరి నోటనైనా ఆ మాట వినాలి. ఇన్నేళ్లలో ఆవిడ ఎప్పుడూ వెళ్లలేదు. ఇప్పుడు మన వీధికి వస్తానంది. నన్ను మాత్రం రావద్దంది. నా నేరం నిరూపించడానికే వస్తోందని ఇక్కడ అందరి అభిప్రాయం.

ఆనవాళ్లు రాస్తున్నాను. ఎండలోనూ గొడుగు వదలదు. టీలో చక్కెర వేసుకోదు. విశేషణాలు భరించలేదు. దయచేసి ఏమీ చేయకు. అసలేమీ చేయకు. చుట్టుపక్కల ఎవ్వరికీ ఏమీ నేర్పకు.

నీ మేనల్లుడు

మ.మ. "ఏమీ చేయకు" అన్నదాన్ని నీ పద్ధతిలో కాకుండా నా పద్ధతిలో అర్థం చేసుకో.

*

చిరంజీవి మేనల్లుడికి,

అత్త దీవెనలు. నువ్వు దిగులు పెట్టుకోకు. నేనేమీ చేయడం లేదు. వీధివాళ్లకు మాత్రం ఒక్కొక్కరికీ ఒక్కొక్క వాక్యం ఇచ్చి, సహజంగా అనమని చెప్పాను. చెప్పొద్దూ, క్షౌరశాలాయన సహజంగా అనడానికి పొద్దుటి నుంచీ అద్దం ముందు కష్టపడుతున్నాడు.

మా వాడి ఉద్యోగం తీయడానికి వచ్చే మనిషికి టీ మాత్రం ఇస్తాను. చక్కెర వేయకుండా ఇస్తాను. అది మర్యాదా, కసా అనేది ఆవిడే తేల్చుకోవాలి.

మీ అత్త

మ.మ. కరపత్రాల్లో ఆ మాట నేను పెట్టలేదు. దానంతటదే వచ్చింది.

*

చిరంజీవి మేనల్లుడికి,

అత్త దీవెనలు. వచ్చింది, వెళ్లింది. జరిగింది జరిగినట్టు రాస్తాను, తిట్టుకోవాలంటే చివర్లో తిట్టుకో.

గొడుగు వీధి మలుపు తిరగగానే దర్జీ ఎదురెళ్లి, "అమ్మా, తమరి గొడుగు నత్తనవ్వులా మెరుస్తోందండీ" అన్నాడు. నల్లగొడుగు! క్షౌరశాలాయన, నురగతో ఉన్న బేరాన్ని చెయ్యిపట్టి బయటికి లాక్కొచ్చి, "ఈయన బుగ్గ చూడండి, నత్తనవ్వు" అన్నాడు. ఆ బేరం పాపం ఎవరో పొరుగూరాయన, బెదిరిపోయాడు. సైకిళ్ల ఆయన తనకిచ్చిన వాక్యం మరిచిపోయి, "నత్తనవ్వు! నత్తనవ్వు!" అని రెండుసార్లు అరిచి లోపలికి పారిపోయాడు. ఆవిడ నడుస్తూనే ఉంది. కాగితం తీయలేదు.

తిన్నగా మన షెడ్డుకే వచ్చింది. వచ్చినవాళ్లందరూ నెత్తి కొట్టుకునే దూలం దగ్గర తనంత తనే వంగింది. చదువుకున్నవాళ్లకు ముందుచూపు ఎక్కువ అనుకున్నాను. గాజుపలకలు చూసింది, గోనెలు చూసింది, తూర్పు గోడ దగ్గర ఆగిపోయింది. ఎండ అప్పుడే పడుతోంది. గోడంతా నత్తనవ్వులే.

"ఈ మాట ఎవరిది?" అంది.

"మా ఆయనది" అన్నాను.

"ఎప్పుడన్నారు?"

"కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు. నన్ను ఈ వీధిలో జిగటమ్మా, జిగటమ్మా అని ఏడిపించేవాళ్లండీ. చేతులు ఎన్నిసార్లు కడిగినా వదిలేది కాదు. ఒకరోజు పొద్దున్నే ఇదిగో ఈ మెట్టు మీద కూర్చుని ఏడుస్తున్నాను. మేడ మీది నుంచి దిగుతూ, ‘ఏడుస్తావెందుకు, గోడ చూడు, నత్త నవ్వి వెళ్లింది’ అన్నా... అన్నారు."

"మీ ఆయనే అన్నారా?" అంది.

"ఆయనే. ఇంకెవరంటారు?" అన్నాను.

టీ చివరి చుక్క దాకా తాగింది. అప్పుడు వచ్చి పడింది అద్దాల కొట్టావిడ. చేతులు తిప్పుకుంటూ గుమ్మంలోనే మొదలుపెట్టింది. "ఏమండీ, ఎన్నిసార్లు చెప్పాలి మీకు? ఇన్ని అద్దాలుండగా, ఇవాళ పంపాల్సిన నిలువుటద్దం మీదే మీ నత్తలు ఆ చివర నుంచి ఈ చివరకు నత్తనవ్వు గీసిపోయాయి! తుడిచేది నేనా, మీరా?" అంది. అని, రెండు చేతులతో నోరు మూసుకుంది.

మీ పెద్దావిడ గొడుగు కిందపెట్టి, సంచిలోంచి చీటీ తీసి రాసుకుంది. "మళ్లీ ఒకసారి అనగలరా?" అని అడిగింది. "చచ్చినా అనను" అంది అద్దాలావిడ.

పరువు పోయిందిరా. ఆఫీసు మనిషి ముందు మన నత్తల మీద ఫిర్యాదు! ఇప్పుడిక ఆవిడ ఏం రాస్తుందో, నిన్ను ఏ గదిలో పడేస్తుందో. చెప్పొద్దూ, నీ కిటికీ నేనే మూసేశానని గుండె పీకుతోంది.

మీ అత్త

మ.మ. నిలువుటద్దం నేనే తుడిచాను. చాలా అందమైన నవ్వు. పాపం అనిపించింది.

*

అత్తకు,

నమస్కారాలు. ముందు ఒక కుర్చీ లాక్కుని కూర్చో. ఈసారి నేను కూర్చునే రాస్తున్నాను. ఎక్కడ కూర్చున్నానో చివర్లో చెప్తాను.

వీధి మొత్తం మీద సాక్ష్యం చెల్లింది ఒక్కరిదే, అద్దాల కొట్టావిడది. "అనకూడదనుకున్న మనిషి నోట జారిన మాట. ఇంతకంటే గట్టి ఆధారం నా ఉద్యోగంలో చూడలేదు" అంది పెద్దావిడ. నేను ఎగిరి గంతేయబోతుంటే చేయి అడ్డం పెట్టింది. "కానీ నేనీ మాట ఒప్పుకోలేను. రెండో నిబంధన ఉంది" అంది.

"మా మామయ్య ఈ ఆఫీసులో పని చేయలేదండీ" అన్నాను.

"నేను చేస్తున్నాను" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఆవిడకు ఇరవై దాటిన కొత్తలో, అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుకుంటూ, నత్తలు పెంచే ఒక ఇంట్లో మేడమీద గదిలో అద్దెకుండేదట. మొదటివారం నత్తల్ని చూసి కేకలు పెట్టేదట. ఒకరోజు పొద్దున మెట్లు దిగుతుంటే ఆ ఇంటి కొత్తకోడలు ఏడుస్తూ కనిపించిందట. ఓదార్చడం చేతకాక, గోడ చూపించి తోచిన మాటేదో అనేసిందట. ఆ పిల్ల నవ్విందట. తర్వాత పెద్ద ఉద్యోగం వచ్చి వెళ్లిపోయిందట. నా దరఖాస్తు మీద నేను రాసిన నీ చిరునామాలో ఆ వీధి పేరు చూసి, నా చేతికి ‘జిగట’ ఇచ్చిందట. ఆ మాట ఇంకా బతికే ఉందో లేదో తెలుసుకోవాలని! చీటీ చూసి కళ్లద్దాలు తుడుచుకున్నది అందుకట. అత్తా, ఆ మాట ఆవిడదే. జీవితమంతా ఇతరుల మాటలు పుస్తకానికి ఎక్కించి, తను పుట్టించిన ఒకే ఒక్క మాటను తన చేత్తోనే ఆపాల్సి వచ్చింది.

"పోనీ, మా అత్త చెప్పినట్టు మామయ్య పేరు మీదే వేసేద్దామండీ" అన్నాను. "మీ అత్తగారు చెప్పింది అబద్ధం. మంచి అబద్ధం. దాన్ని దాచుకుంటాను గానీ అచ్చు వేయను" అంది. అని, పేజీని నా చేతికే ఇచ్చి, "నెలాఖరుకు నేను రిటైరవుతున్నాను. ఆ మర్నాటి నుంచి నేను ఇక్కడ జీతగత్తెను కాను. అప్పుడు నీకు ఏది నిజమనిపిస్తే అది రాయి" అంది.

ఆవిడ వెళ్లిన మర్నాడు రాశాను. కొత్త సంపాదకుడు కామా కూడా మార్చకుండా సంతకం పెట్టాడు. అచ్చైంది ఇదీ:

నత్తనవ్వు: నత్త నడిచిన దారిలో మిగిలి, వెలుతురు తగిలితే మెరిసే జిగట. పుట్టుక: నత్తలు పెంచే ఇంటి మేడమీద అద్దెకున్న ఒకామె నోట పుట్టింది, ఆ ఇంటాయన నోట పెరిగింది. ప్రయోగం: "నిలువుటద్దం మీదే మీ నత్తలు నత్తనవ్వు గీసిపోయాయి" (అద్దాల కొట్టు యజమానురాలి మాట).

ఇక ‘జిగట’ కింద ఆ మూడు తిట్లకు ముందు మొదటి అర్థంగా, "కొన్ని ప్రాణులు తమ దారిని తామే పరుచుకునే తడి" అని చేర్చాను. తిట్లు తీసేయలేను, జనం తిడుతూనే ఉన్నారు కాబట్టి. కానీ గౌరవం ముందు కూర్చుంది.

కిటికీ పక్కన కూర్చుని రాస్తున్నాను అత్తా. గాలి బాగా వస్తోంది, కాగితాలు నిలవడం లేదు.

నీ మేనల్లుడు

మ.మ. ఒక్కటే అనుమానం. అంతసేపు ఎదురుగా కూర్చుంటే ఆవిణ్ణి గుర్తుపట్టలేకపోయావా?

*

చిరంజీవి సహాయ సంపాదకుడికి,

అత్త దీవెనలు. పుస్తకం పేజీ అందింది. మొదట నేను చదివాను, తర్వాత వీధి చదివింది. అద్దాల కొట్టావిడ తన మాట అచ్చులో చూసుకుని, నా చేత మూడుసార్లు చదివించుకుంది. ఇప్పుడు ఆ పేజీకి పటం కట్టించి కొట్టు మధ్యలో, అద్దాలన్నిట్లోనూ కనిపించేట్టు వేలాడదీసింది. మన నత్తలు అటు వెళ్తే కేకలు మానేసింది. ఇంకో మాట కూడా పుస్తకంలో పడుతుందేమోనని ఆచితూచి తిడుతోంది.

గుర్తుపట్టలేదా అని అడిగావు. ఒరేయ్ పిచ్చివాడా, దూలం దగ్గర వంగినప్పుడే పట్టాను. ఈ ఇంట్లో బతికినవాళ్లు తప్ప ఆ దూలానికి ఎవరూ వంగరు. నువ్వే ఇంకా వంగవు! కానీ నువ్వే కదా రాశావు, ఆఫీసు మనిషి పుట్టించిన మాట పుస్తకంలోకి రాదని? నిజం చెప్తే నీ పేజీ పోతుంది, ఆవిడ మాట పోతుంది. అందుకని, ఎప్పుడూ ఆయన నోటనే ఉండేది కదా అని అంతకుముందు నీకు రాసినట్టే, ఆవిడ ముందూ మీ మామయ్యకే అంటగట్టాను. పైనున్న ఆయన ఏమీ అనుకోడు. ఆవిడ "మీ ఆయనే అన్నారా?" అని నా కళ్లలోకి చూసినప్పుడు, "ఆయనే" అని నేనూ కళ్లలోకే చూశాను. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం టీ తాగాం.

అప్పట్లో ఆవిడ వెళ్లాక రెండు ఉత్తరాలు రాసింది. నాకు రాయడం అంతంతమాత్రం, తప్పులు పోతాయని సిగ్గుపడి జవాబివ్వలేదు. ఆ సిగ్గుతోనే రాయడం నేర్చుకున్నాను. ఇప్పుడు నీకు పేజీలకు పేజీలు రాస్తున్నానంటే ఆ పుణ్యం ఎవరిదనుకున్నావు?

జిగటమ్మ అని నన్ను ఏడిపించిన వీధిలో ఇవాళ నత్తనవ్వు అని బోర్డులున్నాయి. ఆ మాట అన్న మనిషి పెద్దమనిషి అయింది. దాన్ని నిలబెట్టినవాడు నా మేనల్లుడు. దాన్ని పెంచినవాడు నా మొగుడని అచ్చులో ఉంది. చెప్పొద్దూ, నాకు గర్వంగా ఉంది.

మీ అత్త

మ.మ. మేడమీద గది అద్దెకిచ్చాను. ఎవరికని అడగకు. నల్లగొడుగు మెట్ల దగ్గర తగిలించి ఉంది. పొద్దున్నే గాజుపలకలు తనే కడుగుతానంటోంది, వద్దన్నా వినదు.

ఇంకో మ.మ. ఈ ఉత్తరం పోస్టు చేసే ముందు ఆవిడకు చూపించాను. ఎర్ర సిరా తీసి చెప్పొద్దూలన్నీ కొట్టేసి, మళ్లీ శుభ్రంగా రాయించింది. ఒక్కటి మాత్రం వదిలేసింది. "అదెందుకు ఉంచావు?" అంటే, "దానికి ఆధారం ఉంది" అంది.